అప్రమత్తత అలిసిపోతుంది: సైబర్ భద్రతలో నిలిచే అలవాట్లు ఏవి, ఎందుకు

సైబర్ భద్రత రంగంలో ట్రాయ్ హంట్ పేరు తెలియనివాళ్లు తక్కువ. మన ఈమెయిల్, పాస్‌వర్డ్ ఎక్కడైనా లీకయ్యాయేమో చూసుకునే ‘హ్యావ్ ఐ బీన్ ప్వోన్డ్’ వెబ్‌సైట్‌ను 2013లో మొదలుపెట్టింది ఆయనే. అలాంటి మనిషి 2025 మార్చిలో ఫిషింగ్‌కు దొరికిపోయారు. తన మెయిలింగ్ లిస్టు నడిపే మెయిల్‌చింప్ సంస్థ పంపినట్టే ఉన్న ఈమెయిల్‌లో లింక్ నొక్కి, నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టారు. వెంటనే అడిగిన ఓటీపీ కూడా ఇచ్చేశారు. అటునుంచి సుమారు 16,000 మంది చందాదారుల వివరాలు దొంగల చేతికి పోయాయి. దూరప్రయాణం చేసి బాగా అలిసిపోయి ఉన్నాననీ, పాస్‌వర్డ్‌లను దాచి, అసలు సైట్‌లో మాత్రమే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ ఆ పేజీలో వివరాలను తనంతట తాను నింపకపోయినా పట్టించుకోలేదనీ ఆయనే తర్వాత దాచుకోకుండా రాశారు.

ఫిషింగ్ గురించి ఆయనకు తెలియనిదేమీ లేదు. ఆ క్షణంలో లేనిది ఓపిక ఒక్కటే. మనకు రోజూ వినిపించే భద్రత సలహాల్లో చాలావరకు ‘జాగ్రత్తగా చూడండి’, ‘అనుమానించండి’, ‘మోసపోకండి’ అనే మాటలే. మనిషి పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మెలకువగా ఉంటాడనే లెక్క మీద అవి నిలబడి ఉన్నాయి. ఆ లెక్క తప్పు. అలిసిపోయిన రోజున కూడా మనల్ని కాపాడే ఏర్పాట్లు ఏవి, మన మెలకువ మీదే ఆధారపడేవి ఏవి అని విడదీసి చూస్తే ఈ గందరగోళంలో సగం తగ్గుతుంది.

ఒకే గాటన కట్టకూడని మూడు రకాల పనులు

‘సైబర్ అలవాట్లు’ అని మనం పిలిచేవి నిజానికి మూడు రకాలు. మొదటి రకం, ఒకసారి కూర్చుని చేసి వదిలేసేవి: ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేయడం, పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోవడం, లాగిన్‌కు రెండో అంచె జోడించడం. రెండో రకం, ఒక సందర్భం ఎదురైనప్పుడు చేసేవి: కొత్త ఖాతా తెరిచినప్పుడు, ఫోన్ మార్చినప్పుడు, ఎవరో తొందరపెడుతూ మెసేజ్ పంపినప్పుడు. మూడో రకం, ఎల్లవేళలా కనిపెట్టుకుని ఉండాల్సినవి: ప్రతి ఈమెయిల్‌లో అక్షరదోషాలు వెతకడం, ప్రతి లింక్‌నూ పరీక్షగా చూడడం. సలహాలు ఎక్కువగా వచ్చేది మూడో రకం మీద. అన్నిటికన్నా ముందు చేజారేది కూడా అదే.

ఎందుకో అలవాట్ల మీద జరిగిన పరిశోధనలో కొంత కనిపిస్తుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం ప్రకారం, ఒక పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. ఈ 66 అంకెను అందరూ ఉటంకిస్తారు గానీ, అక్కడ పరీక్షించిన పనులు భోజనంతో పాటు నీళ్లు తాగడం లాంటివి. రోజూ, అదే సందర్భంలో, తిరిగి తిరిగి చేసేవి. భద్రత పనులు అలాంటివి కావు. ఫోన్ మార్చేది రెండు మూడేళ్లకోసారి. ఖాతా లాక్ అయ్యేది ఎప్పుడో. అంత అరుదుగా చేసే పని అభ్యాసంతో అలవాటు కాదు. 

దానికి వేరే దారి ఉంది. ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అని ముందే మాట అనుకుని పెట్టుకోవడం. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ దశాబ్దాలుగా అధ్యయనం చేసింది దీన్నే. ‘ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను’ అనే సంకల్పం కన్నా, ‘కొత్త ఖాతా తెరిస్తే పాస్‌వర్డ్ మేనేజర్‌తోనే పాస్‌వర్డ్ తయారు చేయిస్తాను’ అనే నిర్దిష్టమైన మాటే ఎక్కువగా అమలవుతుంది.

వినియోగదారుల వైపు నుంచి వాదించినవాళ్లూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2009లో ఒక పరిశోధనాపత్రం రాశారు. జనం భద్రత సలహాలు పెడచెవిన పెట్టడం బద్ధకం కాదు, లెక్క ప్రకారం సబబే అన్నది ఆయన వాదన. ప్రతి సలహా పాటించడానికీ సమయం ఖర్చవుతుంది, ఆ ఖర్చు చాలాసార్లు తప్పించుకున్న నష్టం కన్నా ఎక్కువ. దీన్ని కొట్టిపారేయడం కష్టం. సలహాల జాబితా పెరిగేకొద్దీ ముఖ్యమైనవి కూడా అందులో మునిగిపోతాయి. అందుకే ఏది చేయాలన్నదానితో పాటు ఏది మానేయవచ్చన్నదీ చెప్పాలి. దాని సంగతి చివర్లో చూద్దాం.

పాస్‌వర్డ్ ఎంత బలమైనదన్నది ఒక ప్రశ్న, ఎన్ని చోట్ల వాడారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న

దొంగలు ఒక్కో మనిషి పాస్‌వర్డ్‌నూ కూర్చుని ఊహిస్తారని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా జరిగేది అది కాదు. ఏదో ఒక వెబ్‌సైట్ నుంచి ఈమెయిళ్లు, పాస్‌వర్డ్‌ల జాబితా లీకవుతుంది. ఆ జతలనే సాఫ్ట్‌వేర్‌తో వందల ఇతర సైట్లలో వరసగా ప్రయత్నిస్తారు. దీన్ని క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. 2023లో డీఎన్‌ఏ పరీక్షల సంస్థ 23అండ్‌మీకి జరిగింది ఇదే. వేరే చోట వాడిన పాస్‌వర్డ్‌నే ఇక్కడా వాడినవాళ్ల ఖాతాలు సుమారు 14,000 తెరుచుకున్నాయి. బంధువులను వెతికిపెట్టే సదుపాయం ద్వారా ఆ ఖాతాల నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. ఆ 14,000 మందిలో కొందరి పాస్‌వర్డ్‌లు పొడవైనవీ, ఊహించడం కష్టమైనవీ అయ్యుండొచ్చు. రెండు చోట్ల వాడిన తర్వాత ఆ బలంతో పనిలేదు.

బలం లెక్కకొచ్చేది ఇంకో సందర్భంలో. మంచి వెబ్‌సైట్ మన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచదు. వెనక్కి తిప్పలేని గణితంతో మార్చి, ఆ ఫలితాన్ని మాత్రమే ఉంచుకుంటుంది. దాన్నే హ్యాష్ అంటారు. హ్యాష్‌ల జాబితా దొంగ చేతికి చిక్కితే, అతను తన సొంత కంప్యూటర్‌లో ఒక్కో పాస్‌వర్డ్‌నూ హ్యాష్ చేసి సరిపోల్చుకుంటూ పోతాడు. పాతకాలపు, వేగంగా లెక్కయ్యే హ్యాష్ అయితే సెకనుకు 1,000 కోట్ల ప్రయత్నాలు చేయడం మామూలు హార్డ్‌వేర్‌కే సాధ్యం. ఈ వేగం ప్రకారం లెక్క వేసి చూద్దాం. ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో ఏర్పడగల పాస్‌వర్డ్‌లు సుమారు 20,900 కోట్లు. అన్నిటినీ ప్రయత్నించడానికి 21 సెకన్లు చాలు.

ఇప్పుడు పదాలతో చేసే పాస్‌ఫ్రేజ్ తీసుకుందాం. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో ప్రచారంలోకి తెచ్చిన డైస్‌వేర్ పద్ధతిలో 7,776 పదాల జాబితా ఉంటుంది. పాచికను ఐదుసార్లు వేస్తే ఐదు అంకెల సంఖ్య వస్తుంది, ఆ సంఖ్యకు ఎదురుగా ఉన్నదే మన పదం. అదే వేగంతో నాలుగు పదాల పాస్‌ఫ్రేజ్ నాలుగు రోజుల్లో విరిగిపోతుంది. ఐదు పదాలకు 90 ఏళ్లు. ఆరు పదాలకు సుమారు 7 లక్షల ఏళ్లు. ఒక్కో పదం చేరినప్పుడల్లా శ్రమ 7,776 రెట్లు పెరగడమే ఇందులో కిటుకు. ఈ లెక్క నిలవాలంటే పదాలను పాచికే ఎంచాలి. మనకు నచ్చిన పాట పల్లవో, సామెతో తీసుకుంటే ఈ లెక్కలేవీ వర్తించవు. అలాంటివన్నీ దొంగల జాబితాల్లో ముందే ఉంటాయి.

మరి మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే నియమం? అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2000ల తొలినాళ్లలో ఇచ్చిన మార్గదర్శకాల అనుబంధం నుంచి, పెద్దక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు తప్పనిసరి అనే నిబంధనతో పాటు ఇది ప్రపంచమంతా పాకింది. ఆ అనుబంధం రాసిన బిల్ బర్ దాని మీద తనకు పశ్చాత్తాపం ఉందని 2017లో చెప్పారు. అదే ఏడాది ఎన్‌ఐఎస్‌టీ కూడా ఆ రెండు నియమాలనూ వదిలేసి, లీకైన దాఖలా ఉంటేనే మార్పించాలని చెప్పింది. తప్పు ఎక్కడుందో అంతకుముందే నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపించారు. పాత పాస్‌వర్డ్ తెలిస్తే 41 శాతం సందర్భాల్లో కొత్తదాన్ని మూడు సెకన్లలోపే పట్టుకోగలిగారు. చివర ఉన్న 1ని 2 చేయడం, ఒక అక్షరం బదులు గుర్తు పెట్టడం, ఇంతే జరుగుతోంది. బలవంతంగా మార్పిస్తే మనిషి చేసేది అదే మరి. ఇప్పటికీ ఈ నియమాన్ని పట్టుకుని వేలాడే సంస్థలు చాలా ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్లకు పాస్‌వర్డ్ మేనేజర్‌తో పూర్తిగా కొత్తది తయారు చేయించడం తప్ప వేరే దారి లేదు.

‘అన్నీ ఒకే చోట పెడితే?’ అనే భయంలో ఎంత నిజం

వంద ఖాతాలకు వంద వేర్వేరు పాస్‌వర్డ్‌లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్ కావాలి. వెంటనే వచ్చే అభ్యంతరం, ఆ ఒక్కటీ పోతే అన్నీ పోతాయి కదా అని. ఇది ఊరికే భయం కాదు. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ సంస్థ నుంచి వినియోగదారుల వాల్ట్‌ల, అంటే పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెల, బ్యాకప్ కాపీలు దొంగిలించారు. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నాయి గానీ, ఏయే వెబ్‌సైట్ల కోసం అన్నది మాత్రం మామూలు అక్షరాల్లోనే ఉంది. పైగా వాల్ట్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్‌ను తాళంగా మార్చే గణితాన్ని ఎన్నిసార్లు తిప్పాలన్న సెట్టింగ్ పాత ఖాతాల్లో 5,000 దగ్గరో, అంతకన్నా తక్కువ దగ్గరో ఆగిపోయి ఉంది. కొత్త ఖాతాలకు అప్పటికే అది లక్ష దాటింది. బలహీనమైన మాస్టర్ పాస్‌వర్డ్, దానికి తోడు పాత సెట్టింగ్ ఉన్నవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడ్డారు. ఆరు పదాల పాస్‌ఫ్రేజ్ పెట్టుకున్నవాళ్ల వాల్ట్ చేతికొచ్చినా దొంగ చేయగలిగేది దాదాపు ఏమీ లేదు.

రెండు వైపులా తూచి చూస్తే నా అభిప్రాయం ఇది: మేనేజర్ పోవడం అరుదుగా జరిగే పెద్ద ప్రమాదం, ఒకే పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా వాడడం రోజూ జరిగే ప్రమాదం. ఆన్‌లైన్ వాల్ట్ నమ్మనివాళ్లకు కీపాస్ లాంటివి ఉన్నాయి, ఫైల్ మన దగ్గరే ఉంటుంది. దాని బ్యాకప్ బాధ్యత కూడా మనదే అవుతుంది. కాగితం మీద రాసుకోవడాన్నీ తేలిగ్గా తీసేయక్కర్లేదు. ఎక్కడో దూరాన కూర్చున్న దొంగ మన బీరువాలోని నోటుబుక్కు చదవలేడు. ప్రమాదం ఇంట్లోవాళ్ల నుంచే అయితే మాత్రం అది పనికిరాదు.

చాలామంది మొదటి వారంలోనే మానేయడానికి ఒక కారణం ఉంది. ఉన్న ఖాతాలన్నిటినీ ఒక్క ఆదివారం పూట మార్చేయాలని కూర్చుంటారు. పాతిక ఖాతాల దగ్గర విసుగొచ్చి ఆగిపోతారు. అసలు అంత అవసరం లేదు. మొదటి రోజు ఈమెయిల్, బ్యాంకు, ఫోన్ కంపెనీ ఖాతాలు మార్చితే చాలు. మిగిలినవాటిని, ఏ సైట్‌లోకి లాగిన్ అవ్వాల్సి వస్తే ఆ సైట్ పాస్‌వర్డ్‌ను అప్పుడే మార్చుకుంటూ పోవచ్చు. కొన్ని నెలల్లో నిజంగా వాడే ఖాతాలన్నీ వాటంతట అవే పూర్తవుతాయి. పాత పాస్‌వర్డ్ లీకైందో లేదో ‘హ్యావ్ ఐ బీన్ ప్వోన్డ్’లో చూసుకోవడానికి భయపడనక్కర్లేదు. అక్కడికి మన పాస్‌వర్డ్ వెళ్లదు. దాని హ్యాష్‌లోని 40 అక్షరాల్లో మొదటి ఐదు మాత్రమే వెళ్తాయి, మిగతా పోలిక మన బ్రౌజర్‌లోనే జరుగుతుంది.

రెండో అంచె: ఎస్‌ఎంఎస్, యాప్, పాస్‌కీ ఒకటి కావు

పాస్‌వర్డ్ పోయినా ఖాతా పోకుండా ఆపేది టూ-ఫ్యాక్టర్, అంటే లాగిన్‌కు జోడించే ఈ రెండో అంచె. గూగుల్ 2019లో ప్రకటించిన అధ్యయనం ఫలితాలు చూస్తే ఏది ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది. ఎస్‌ఎంఎస్‌లో వచ్చే కోడ్ యంత్రాలు చేసే దాడులను 100 శాతం, గంపగుత్తగా పంపే ఫిషింగ్‌ను 96 శాతం, ఒక మనిషినే గురిపెట్టి చేసే దాడులను 76 శాతం ఆపింది. ఫోన్ మీద ‘ఇది మీరేనా?’ అని అడిగే పద్ధతికి చివరి అంకె 90. లాగిన్ సమయంలో తగిలించే చిన్న పరికరం, అంటే హార్డ్‌వేర్ సెక్యూరిటీ కీ, వాడినవాళ్లలో మూడు రకాలూ 100 శాతం ఆగాయి.

ఎస్‌ఎంఎస్ పనికిరాదని కొందరు నిపుణులు అంటారు. సిమ్ స్వాప్‌లో దొంగ మన ఫోన్ కంపెనీని నమ్మించి, మన నంబరును తన సిమ్‌కు మార్పించుకుంటాడు. 2019లో ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ సొంత ట్విటర్ ఖాతాకే ఇది జరిగింది. ఆ ప్రమాదం నిజమే. అయినా ఏమీ లేకపోవడం కన్నా ఎస్‌ఎంఎస్ ఎంతో మేలన్నది పై అంకెల్లోనే ఉంది. వేరే దారి లేని ఖాతాలో దాన్ని ఆఫ్ చేసేయడం పొరపాటు.

ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ ఉంటుంది. మొదటిసారి క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు యాప్‌కూ వెబ్‌సైట్‌కూ ఒకే రహస్యం అందుతుంది. తర్వాత రెండూ ఆ రహస్యాన్నీ, గడియారంలోని సమయాన్నీ కలిపి వేర్వేరుగా లెక్క వేసి, ఒకే అంకె దగ్గరికి వస్తాయి. నెట్‌వర్క్ అక్కర్లేదు, ఫోన్ నంబరుతో సంబంధం లేదు కాబట్టి సిమ్ స్వాప్ దీన్ని తాకదు. కోడ్ సరైనదే కొట్టినా తిరస్కరిస్తోందంటే ముందు ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా ఉందో లేదో చూడాలి.

ఈ రెండింటిలోనూ ఒక లోపం మిగిలే ఉంటుంది. కోడ్‌ను మనం చదివి, మన చేత్తో కొడతాం. చదివి కొట్టగలిగేదాన్ని నకిలీ పేజీలోనూ కొట్టగలం. ఆ పేజీ వెనకున్న సాఫ్ట్‌వేర్ అదే క్షణంలో దాన్ని అసలు సైట్‌కు అందిస్తుంది. హంట్ ఓటీపీ ఆయన్ని కాపాడలేకపోయింది అందుకే. అనుమతి అడిగే నోటిఫికేషన్లకూ ఇంకో దారిలో ఇదే బలహీనత ఉంది. 2022 సెప్టెంబరులో ఉబర్‌లో కాంట్రాక్టు ఉద్యోగి ఒకరికి పదే పదే అనుమతి అభ్యర్థనలు పంపారు. చివరికి ఒకదానికి ‘అవును’ నొక్కేదాకా వదల్లేదు.

2022లోనే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ మీద జరిగిన దాడిని దీని పక్కన పెట్టి చూడాలి. ఉద్యోగుల ఫోన్లకు నకిలీ లాగిన్ పేజీ లింకులు వచ్చాయి. ముగ్గురు ఆ పేజీలో పాస్‌వర్డ్ కొట్టేశారు. అయినా దొంగలు లోపలికి రాలేకపోయారు, ఎందుకంటే అక్కడ ప్రతి ఉద్యోగికీ హార్డ్‌వేర్ కీ ఉంది. ఆ ముగ్గురూ మెలకువగా లేరు. మెలకువగా ఉన్నది వాళ్ల కీ.

పాస్‌కీ ఇదే సూత్రాన్ని మామూలు ఫోన్‌లోకి తెచ్చింది. యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి మద్దతు ఇస్తామని 2022 మేలో ప్రకటించాయి. ఖాతాకు పాస్‌కీ పెట్టుకున్నప్పుడు మన ఫోన్ రెండు కీలు తయారు చేస్తుంది. పబ్లిక్ కీ వెబ్‌సైట్‌కు వెళ్తుంది, ప్రైవేట్ కీ వెబ్‌సైట్‌కు ఎన్నడూ వెళ్లదు. లాగిన్ సమయంలో సైట్ ఒక యాదృచ్ఛిక సందేశం పంపుతుంది, ఫోన్ దాని మీద ప్రైవేట్ కీతో సంతకం పెట్టి తిప్పి పంపుతుంది. ఆ కీ ఏ వెబ్ చిరునామా కోసం పుట్టిందో బ్రౌజరే సరిచూస్తుంది. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అక్కడ పాస్‌కీ కనిపించదు. పాస్‌వర్డ్ మేనేజర్ నింపనప్పుడు మనం కాపీ చేసి అతికించగలం. పాస్‌కీని అలా అతికించే వీలే లేదు. అసలైన తేడా అదే. 

చిక్కులు లేకపోలేదు. పాస్‌కీ ఉన్నా చాలా సైట్లు పాత పాస్‌వర్డ్‌నూ, ఎస్‌ఎంఎస్ దారినీ అలాగే తెరిచి ఉంచుతాయి. దొంగ ఆ దారిలో రావచ్చు. ఒక కంపెనీ ఫోన్ నుంచి ఇంకో కంపెనీ ఫోన్‌కు మారేటప్పుడు పాస్‌కీలు వాటంతట అవి రాకపోవచ్చు. పాత ఫోన్ ఇచ్చేసే ముందే కొత్త ఫోన్‌లో పాస్‌కీ జోడించుకోవాలి.

అన్ని ఖాతాలకూ మూలం ఈమెయిల్, దానికి మూలం రికవరీ

‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ నొక్కితే లింక్ ఎక్కడికి వస్తుంది? ఈమెయిల్‌కు. కాబట్టి ఈమెయిల్ ఖాతా మిగతా అన్నిటి తాళంచెవుల గుత్తి లాంటిది. సమయం ఒక్క గంటే ఉందంటే ఆ గంట దానికే పెట్టాలి.

ఇక్కడ జనం మరిచేది రికవరీ వివరాలు. ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరు, కాలేజీ రోజుల నాటి ఈమెయిల్ ఇంకా రికవరీ చిరునామాలుగా ఉండిపోతాయి. వాడకంలో లేని నంబరును కొన్నాళ్లకు ఫోన్ కంపెనీ ఇంకొకరికి ఇస్తుంది. అప్పుడు మన కోడ్ వాళ్లకు వెళ్తుంది. నంబరు మారిన రోజే ఈమెయిల్‌లో రికవరీ నంబరు మార్చడం అనేది సందర్భానికి ముడిపెట్టాల్సిన పనుల్లో మొదటిది.

రెండోది బ్యాకప్ కోడ్‌లు, ఫోన్ చేతిలో లేనప్పుడు రెండో అంచె బదులు వాడేవి. గూగుల్ ఇచ్చేవి పది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కసారే పనిచేస్తాయి. వీటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే, ఫోన్ పోయిన రోజున కోడ్‌లూ దానితోనే పోతాయి. అదే ఈమెయిల్‌కు పంపుకుంటే, లాక్ అయిన ఖాతాలోనే దాని తాళం ఉండిపోతుంది. కాగితం మీద ప్రింట్ తీసి, ముఖ్యమైన పత్రాలతో పాటు పెట్టడమే నికరం. మాస్టర్ పాస్‌ఫ్రేజ్ రాసిన కాగితాన్ని కూడా అక్కడే ఉంచితే, మనకేదైనా అయినప్పుడు ఇంట్లోవాళ్లకు దారి దొరుకుతుంది.

చాలామంది టూ-ఫ్యాక్టర్‌ను ఆఫ్ చేసేది దాడికి భయపడక కాదు, ఒకసారి తామే బయట చిక్కుకుపోయి విసిగిపోయారు కాబట్టి. రికవరీ ఏర్పాటు లేని భద్రత ఎంతోకాలం నిలవదు.

వచ్చిన దారిలో కాదు, తెలిసిన దారిలో

‘మీ ఖాతా ఇవాళ మూతపడుతుంది’, ‘పార్శిల్ ఆగిపోయింది’, ‘మీ అబ్బాయి ప్రమాదంలో ఉన్నాడు’. మాటలు మారినా రెండు లక్షణాలు మారవు: తొందర, పక్కనే సిద్ధంగా ఒక దారి. ఆ దారి లింక్ కావచ్చు, ఫోన్ నంబరు కావచ్చు, యాప్ కావచ్చు. 

అలాంటప్పుడు ఇది అసలా నకిలీయా అని తేల్చాలని కూర్చోవడం ఓడిపోయే ఆట. వాక్యాలు ఇప్పుడు ఏఐ రాస్తోంది, అక్షరదోషాలు ఉండవు. గొంతును కూడా అనుకరించగలరు. తాళం గుర్తు చూసి నమ్మడం అంతకన్నా పొరపాటు. కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయిందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది, అవతల ఉన్నది ఎవరో చెప్పదు. ఆ గుర్తుకు కావాల్సిన సర్టిఫికెట్ నకిలీ సైట్లకూ ఉచితంగానే వస్తుంది. గూగుల్ క్రోమ్ 2023లో ఆ తాళం గుర్తునే తీసేసి వేరే గుర్తు పెట్టింది.

తేల్చుకోకుండానే తప్పించుకునే దారి ఒకటుంది. మెసేజ్ మూసేసి, మన బుక్‌మార్క్ నుంచో, ఫోన్‌లో ముందే ఉన్న యాప్ నుంచో లోపలికి వెళ్లి చూడడం. ఫోన్ కాల్ అయితే పెట్టేసి, కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకు మనమే చేయడం. మెసేజ్ నిజమైనదైతే లోపల అదే సమాచారం కనిపిస్తుంది, మనకు పోయేది అర నిమిషం. నకిలీదైతే అది నకిలీ అని గుర్తించాల్సిన పనే రాలేదు. 

చిరునామా చదవాల్సి వస్తే మాత్రం కుడి నుంచి ఎడమకు చదవాలి. మొదటి ఒంటి స్లాష్‌కు ముందున్న భాగంలో చివరి రెండు ముక్కలు చూడాలి. ‘నాబ్యాంకు డాట్ కామ్ డాట్ సెక్యూర్-లాగిన్ డాట్ నెట్’ అని ఉంటే దాని యజమాని ‘సెక్యూర్-లాగిన్ డాట్ నెట్’. ముందున్న బ్యాంకు పేరు ఎవరైనా తగిలించుకోవచ్చు. కొన్ని దేశాల చిరునామాల్లో చివర రెండు కలిసి ఒకటిగా ఉంటాయి కాబట్టి అక్కడ మూడు ముక్కలు చూడాలి. ఇంత తతంగం రోజుకు యాభైసార్లు ఎవరూ చేయరు. అందుకే దీన్ని అలవాటుగా నేను సిఫార్సు చేయను, తెలిసి ఉంటే చాలు. ఇందులో తప్పు సంస్థలది కూడా ఉంది. అసలైన కంపెనీలే కుదించిన లింకులతో, ఎన్నడూ వినని చిరునామాలతో మెసేజ్‌లు పంపుతూ, అలాంటివి నొక్కడం మనకు నేర్పుతున్నాయి.

అప్‌డేట్: వెంటనే చేయాలా, ఆగాలా

2017 మే 12న మొదలైన వానాక్రై దాడి సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, విడుదల చేసింది. మద్దతున్న విండోస్‌లో ఆ రెండు నెలల్లోపు అప్‌డేట్ చేసిన కంప్యూటర్లు ఆ లోపం ద్వారా దెబ్బతినలేదు.

అవతలి పక్షానికీ ఆధారాలున్నాయి. 2020లో బయటపడ్డ సోలార్‌విండ్స్ దాడిలో విషం వచ్చింది అప్‌డేట్ ద్వారానే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలిపోయాయి. ఇవి నిజమే, కానీ రెండూ సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్. వ్యక్తిగత ఫోన్, బ్రౌజర్ విషయంలో ఆగడం వల్ల మిగిలేది తక్కువ. ప్యాచ్ విడుదల కాగానే దాన్ని విప్పి చూసి, లోపం ఎక్కడుందో దొంగలు తెలుసుకుంటారు. కాబట్టి భద్రత ప్యాచ్‌లు ఆటోమేటిక్‌గా ఉండాలి. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మార్పును మాత్రం ఒకటి రెండు వారాలు ఆగి చేసుకున్నా నష్టం లేదు, పాత వెర్షన్‌కు ప్యాచ్‌లు వస్తున్నంతకాలం.

ఎక్కువమందికి తెలియని చిన్న సంగతి: బ్రౌజర్ అప్‌డేట్ దానంతట అదే దిగుతుంది గానీ, బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచేదాకా అమల్లోకి రాదు. నలభై ట్యాబులు పోతాయని వారాల తరబడి మూయకుండా ఉంచేవాళ్లు ఆ వారాలన్నీ పాత వెర్షన్‌తోనే ఉంటారు. మూసిన ట్యాబులను తిరిగి తెరిచే సెట్టింగ్ ఒకసారి ఆన్ చేస్తే ఆ భయం పోతుంది.

సింక్ చేస్తే బ్యాకప్ అయినట్టు కాదు

క్లౌడ్‌లో ఫోటోలు ఉన్నాయి కాబట్టి బ్యాకప్ ఉందనుకుంటాం. సింక్ పని రెండు చోట్లనూ ఒకేలా ఉంచడం. ఇక్కడ తొలగిస్తే అక్కడా పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఇక్కడ ఫైళ్లను లాక్ చేస్తే, లాక్ అయినవే అక్కడికీ చేరతాయి. పాత వెర్షన్లు ఉంచే సేవలున్నాయి గానీ వాటికి గడువు ఉంటుంది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట. బయటి డిస్క్ వాడితే కాపీ అయిన వెంటనే తీసేయాలి, తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా రాన్సమ్‌వేర్ వదలదు. ఏడాదికి రెండుసార్లు ఒక ఫైల్‌ను బ్యాకప్ నుంచి నిజంగా వెనక్కి తెచ్చి, తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు లెక్క కాదు.

మానేయదగ్గ పాత సలహాలు

పరిశోధకులు 2015లో నిపుణులనూ, మామూలు వినియోగదారులనూ ఒకే ప్రశ్న అడిగారు: భద్రత కోసం మీరు ముఖ్యంగా ఏం చేస్తారు? నిపుణుల జవాబుల్లో ముందున్నవి అప్‌డేట్లు, ఖాతాకో పాస్‌వర్డ్, టూ-ఫ్యాక్టర్. మిగతావాళ్ల జాబితాలో యాంటీవైరస్, తరచూ పాస్‌వర్డ్ మార్చడం, తెలిసిన వెబ్‌సైట్లకే వెళ్లడం ముందున్నాయి. రెండో జాబితాలోవన్నీ తప్పని కాదు. కష్టం ఎక్కువ, ఫలితం తక్కువ.

పబ్లిక్ వైఫై భయం కూడా అలా మిగిలిపోయిందే. 2010లో ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఒకే వైఫైలో ఉన్న పక్కవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఎవరైనా వెళ్లగలరని అది చూపించింది, అప్పట్లో చాలా సైట్లు లాగిన్ తర్వాత ఎన్‌క్రిప్షన్ వాడేవి కావు. ఆ తర్వాత కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్ దాదాపు అంతటా వచ్చేసింది. ఇప్పుడు ఆ వైఫైలో ఉన్నవాడికి మనం ఏ సైట్‌కు వెళ్లామో తెలియొచ్చు గానీ, పాస్‌వర్డ్ కనిపించదు. ఏ సైట్ అన్నది కూడా దాచాలనుకునేవాళ్లకు, మన కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి తన సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ ఉపయోగమే, అయితే అప్పుడు ఆ సమాచారం వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది. ఫిషింగ్‌ను, పాస్‌వర్డ్ పునర్వినియోగాన్ని వీపీఎన్ ఆపదు.

ఈ లెక్కలు ఎవరికి సరిపోవు

పైన చెప్పినదంతా దొంగ మనల్ని ప్రత్యేకంగా ఎంచుకోలేదన్న అంచనా మీద ఆధారపడింది. చాలామంది విషయంలో అది నిజం. పాత్రికేయులు, కార్యకర్తలు, రాజకీయాల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకోసం గూగుల్ 2017లో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. యాపిల్ 2022లో లాక్‌డౌన్ మోడ్ తెచ్చింది. దాన్ని ఆన్ చేస్తే చాలా రకాల అటాచ్‌మెంట్లు, లింక్ ప్రివ్యూలు ఆగిపోతాయి, కొన్ని వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు. ఆ అసౌకర్యం అందరికీ అవసరం లేదు, వాళ్లకు అవసరమే.

ఇంకో వర్గం గురించి చాలా తక్కువ మాట్లాడతారు. నిఘా పెట్టేది ఇంట్లోని మనిషే అయినప్పుడు సలహాలన్నీ తలకిందులవుతాయి. అతనికి ఫోన్ పిన్ తెలుసు, వేలిముద్ర నమోదై ఉండొచ్చు, రికవరీ ఈమెయిల్ అతనిదే కావచ్చు. బ్యాకప్ కోడ్‌ల కాగితం అదే బీరువాలో ఉంటుంది. అలాంటప్పుడు పాస్‌వర్డ్ మార్చగానే అతనికి నోటిఫికేషన్ వెళ్లి, ప్రమాదం పెరగొచ్చు. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి ఉన్న సేఫ్టీ చెక్‌లో ఎవరితో ఏం పంచుకుంటున్నామో ఒకే చోట చూసి, తెంచుకోవచ్చు. పంచుకోవడం ఆపేస్తే అవతలి మనిషి గమనించవచ్చని యాపిల్ కూడా హెచ్చరిస్తుంది. ఇలాంటి స్థితిలో ముందు అతనికి అందని వేరే ఫోన్ నుంచి, ఇంతవరకు వాడని కొత్త ఈమెయిల్‌తో సహాయ సంస్థను సంప్రదించాలి. ఏ సెట్టింగ్ ఎప్పుడు మార్చాలన్నది వాళ్లతో కలిసి నిర్ణయించుకోవాలి.